పొట్ట చిన్నదైంది, 60 గ్రాముల ప్రోటీన్ ఎక్కడ పట్టాలి?

ప్రశ్న: నా వయసు 36. ఖమ్మంలో ఉంటాం. మూడున్నర నెలల క్రితం హైదరాబాద్‌లో బరువు తగ్గడానికి స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. అప్పుడు 106 కిలోలు, ఇప్పుడు 84. షుగర్, బీపీ లేవు. రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రోటీన్ తినమని డైటీషియన్ చెప్పారు. నాకేమో నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతోంది. పొద్దున రాగి జావ (అత్తయ్యగారు బలమని కాచి ఇస్తారు, కాదనలేను), మధ్యలో కొబ్బరినీళ్ళు, మధ్యాహ్నం పప్పుచారుతో కొంచెం మెత్తటి అన్నం, రెండు చెంచాల పెరుగు, సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, రాత్రి ఒక ఇడ్లీ, పడుకునే ముందు అర గ్లాసు పాలు. మేం మాంసం తినం. గుడ్డు తింటాం, అదీ రోజు విడిచి రోజు. ప్రోటీన్ పౌడర్ వాసనకే కడుపులో తిప్పుతోంది. అది తాగితే కిడ్నీలు పాడవుతాయని మావారు వద్దంటున్నారు. ఈ మధ్య దువ్వెన నిండా జుట్టు వస్తోంది, చూస్తేనే టెన్షన్. వచ్చే నెల కార్తీక మాసం. గుడ్డు కూడా ఉండదు, సోమవారాలు ఉపవాసం. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు మీరు రాసిన రోజునే లెక్క కడదాం. గ్లాసు రాగి జావలో పడేది రెండు చెంచాల పిండి, అందులో ప్రోటీన్ ఒకటిన్నర గ్రాము. కొబ్బరినీళ్ళలో దాదాపు ఏమీ లేదు. పప్పుచారన్నంలో మూడు గ్రాములు. రెండు చెంచాల పెరుగులో ఒకటి. టీ, బిస్కెట్లు కలిపి రెండు. ఇడ్లీలో రెండు. అర గ్లాసు పాలలో మూడు. మొత్తం 13 గ్రాములకు కాస్త అటూ ఇటూ. గుడ్డు తిన్న రోజు ఇంకో ఆరు కలిపితే 19. డైటీషియన్ చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాదు.

ఇందులో మీ తప్పేమీ లేదు. మీరు తినేవన్నీ మన ఇళ్ళల్లో జ్వరమొచ్చి లేచినవాళ్ళకు పెట్టేవే. తేలిగ్గా అరుగుతాయి, గొంతు దిగుతాయి. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో పల్చటివి తాగమన్నదీ అందుకే. కానీ ఆ దశ మీకు దాటిపోయింది. మామూలుగా రెండు నెలలు నిండేసరికి నమిలి తినే ఆహారానికి వచ్చేయాలి. మీరింకా పల్చటి దగ్గరే ఆగిపోయారు. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పావు భాగానికి పైగా తీసేస్తారు. మిగిలేదాంట్లో మొదట్లో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. గ్లాసు జావ తాగితే ఆ చోటు నిండిపోయింది, దక్కిందేమో ఒకటిన్నర గ్రాము. మీకు తిండి మీద ఇష్టం లేక కాదు, ఉన్న కాస్త చోటూ నీళ్ళకే పోతోంది.

ఈ 60 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. చాలామంది 84 కిలోలకు 84 గ్రాములు కాబోలని కంగారు పడుతుంటారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు కిలో బరువుకు 0.83 గ్రాములు చాలు. మీ ఆపరేషన్ తర్వాతి లెక్క వేరు. తిండి ఒక్కసారిగా పడిపోయినప్పుడు ఒళ్ళు కొవ్వుతో పాటు కండను కూడా కరిగించుకుంటుంది. దాన్ని ఆపడానికే రోజుకు కనీసం 60 గ్రాములు అంటారు. పై పరిమితిగా కిలోకు 1.5 గ్రాముల దాకా లెక్క కడతారు. ఆ కిలోలు ఇప్పటి మీ బరువు కాదు, మీ ఎత్తుకు ఉండాల్సిన బరువు. అది 55 అనుకుంటే మీ డైటీషియన్ చెప్పిన 60, 70 సరిగ్గా సరిపోతుంది.

ఇక పప్పు సంగతి. మన ఇళ్ళల్లో శాకాహారుల ప్రోటీన్ అనగానే "రోజూ పప్పు తింటున్నాం కదా" అనే మాట వస్తుంది. మామూలు పొట్టకు అది కొంతవరకు నిజమే. మీ పొట్టకు కాదు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల ప్రోటీన్ ఉన్నమాట వాస్తవమే, కానీ ఉడికించాక అది మూడింతలవుతుంది. పప్పుచారు చేస్తే పదింతలు. చిన్న గుప్పెడు, అంటే పాతిక గ్రాముల పచ్చి పప్పును గట్టిగా ముద్దపప్పులా వండుకుంటే అయిదారు గ్రాములు వస్తుంది. అదే పప్పును చారుగా కాస్తే పావు లీటరు తాగాలి. కాబట్టి పప్పు మానొద్దు, అందులో నీళ్ళు మానండి. చారు, రసం, సూపులు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. అయినా పప్పు ఒక్కదానితో 60కి చేరలేరని ఇప్పుడే ఒప్పేసుకోండి. ఆ భారం వేరేవాటి మీద వేయాలి.

మీకు పెద్ద దిక్కు పనీర్. వందకు 18 నుంచి 20 గ్రాములు. ఒక పూటకు నలభై గ్రాములు తింటే ఏడెనిమిది వచ్చేస్తాయి. కొట్టులో దొరికేది కొన్నిసార్లు రబ్బరులా సాగుతుంది, సరిగ్గా నమలకపోతే ఛాతీలో పట్టేసినట్టు ఉంటుంది. ఇంట్లో పాలు విరగ్గొట్టి చేసుకుంటే మెత్తగా ఉంటుంది. తురిమి, జీలకర్ర, మిరియాల పొడి వేసి గుడ్డు పొరటులా చేసుకోండి. అసలు గుడ్డు పొరటులోనే ఒక చెంచా పనీర్ తురుము కలిపితే ఇంకా మంచిది.

తర్వాత మీల్‌మేకర్. ఎందుకో మన దగ్గర దీన్ని పెళ్ళిభోజనాల్లో బిర్యానీకి తప్ప పట్టించుకోరు. ఎండుగా ఉన్నప్పుడు తూస్తే అందులో సగం బరువు ప్రోటీనే. పదిహేను గ్రాములు వేడినీళ్ళలో నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే ఖీమాలా అవుతుంది. టమాటాతో వేయించుకుంటే ఏడు గ్రాముల పైన. కొందరికి గ్యాస్ పడుతుంది. మొదట రెండు చెంచాలతో మొదలుపెట్టి చూసుకోండి.

పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి మూడు నాలుగు గంటలు వేలాడదీస్తే నీరు దిగి సగమవుతుంది. రెండు వందల గ్రాముల పెరుగులో ఉన్న ఆరు గ్రాముల్లో చాలావరకు చిన్న కప్పులోకి వచ్చి కూర్చుంటుంది. కొట్లో దొరికే వెన్న తీసిన పాలపొడి ఇంకో చవక ఉపాయం. రెండు పెద్ద చెంచాల్లో అయిదు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పాలలో, పెరుగులో, దోసెపిండిలో ఎక్కడ కలిపినా కలిసిపోతుంది. పాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనాలయ్యేవాళ్ళకు మాత్రం ఇది పడదు.

అత్తయ్యగారి జావను కూడా పారబోయక్కర్లేదు. నీళ్ళకు బదులు పాలలో కాచమనండి, దించాక పాలపొడి కలపమనండి, గ్లాసు కాకుండా అర కప్పు ఇమ్మనండి. అప్పుడు ఒకటిన్నర గ్రాము కాస్తా ఏడెనిమిది అవుతుంది. ఆవిడ పెట్టినట్టూ ఉంటుంది, మీరు కాదనక్కర్లేదు. కొంచెం ప్రోత్సహిస్తే రేపటి నుంచి పెరుగు మూట కట్టేదీ ఆవిడే.

ఇప్పుడు పౌడర్. ఇది లేకుండా మొదటి ఏడాది నెట్టుకురాగలిగే శాకాహారులు తక్కువే. మొహమాటం లేకుండా చెబుతున్నాను, కొన్ని నెలల పాటు దాన్ని మందనుకోండి. ముప్పై గ్రాముల పొడిలో 24, 25 గ్రాముల ప్రోటీన్ ఇంకెక్కడా దొరకదు. కిడ్నీల గురించి మీవారి భయం ఊరికే పుట్టింది కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ప్రోటీన్ తగ్గించమని డాక్టర్లే చెబుతారు, ఆ మాట అందరికీ అంటుకుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలను రోజుకు 60, 70 గ్రాములు పాడుచేయవు. అది జిమ్‌లో కుర్రాళ్ళు తినే మోతాదు కూడా కాదు. మీకు షుగర్, బీపీ లేవంటున్నారు. ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఉంటుంది, ఆ కాగితం మీవారికే చూపించండి. ఇదివరకు కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టకూడదు.

వాసన పడకపోవడం మీ ఒక్కరికే కాదు. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి రుచి, వాసన మారిపోతాయి, నిన్నటిదాకా ఇష్టమైన చాక్లెట్ ఫ్లేవర్ ఈ రోజు డోకు తెప్పిస్తుంది. ఏ ఫ్లేవరూ, తీపీ లేని వే ఐసొలేట్ (పాలు విరిగినప్పుడు దిగే నీటి నుంచి తీసిన ప్రోటీన్ పొడి) దొరుకుతుంది, అది కొనండి. అందులో లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) కూడా చాలా తక్కువ. పెద్ద డబ్బా కొనకండి, చిన్న ప్యాకెట్ తెచ్చి చూడండి. వేడి పాలలో కలిపితే వాసన లేస్తుంది, ఉండ కడుతుంది. చల్లటి మజ్జిగలో ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర వేసి అందులో కలపండి. గ్లాసు ఒకేసారి ఎత్తకండి, అరగంట పాటు చప్పరిస్తూ తాగండి. అలా కూడా కుదరకపోతే ఒక స్కూప్‌ను (పొడితో వచ్చే కొలత చెంచాడు, దాదాపు ముప్పై గ్రాములు) మూడు భాగాలు చేసి దించి చల్లారిన ముద్దపప్పులో, పెరుగులో, జావలో కలిపేయండి. ఎవరికీ తెలియదు, మీ ముక్కుకు కూడా. ఇంకోమాట, పిల్లల బలానికని అమ్మే మాల్ట్ పొడులు దీనికి పనికిరావు. వాటి రెండు చెంచాల్లో రెండు మూడు గ్రాముల ప్రోటీన్ ఉంటే మిగతాది చాలావరకు చక్కెర, పిండిపదార్థమే. డబ్బా వెనక చూసి, వంద గ్రాములకు ప్రోటీన్ 75 దాటిందా లేదా అన్నది చూసుకోండి.

ఇవన్నీ ఒక రోజులో ఎలా పడతాయో చూద్దాం. ఏడున్నరకు మజ్జిగలో ఒక స్కూప్, 24. పదింటికి ఒక గుడ్డు పొరటు, 6. ఒంటిగంటకు నలభై గ్రాముల పనీర్ కూర, మూడు చెంచాల ముద్దపప్పు, చోటుంటే చివర్లో ఒకటి రెండు ముద్దల అన్నం, 11. నాలుగింటికి మూట పెరుగు, 6. రాత్రి ఏడింటికి చిన్న పెసరట్టు, లేదా మీల్‌మేకర్ ఖీమా, 7. పడుకునే ముందు పాలపొడి కలిపిన చిన్న కప్పు పాలు, 7 లేదా 8. కలిపితే 60 దాటింది, ఏ పూటా పొట్ట పగిలేలా తినలేదు. మొదటి రోజే ఇంత తినేయాలని పట్టుబట్టకండి. ఈ వారం 30, వచ్చే వారం 45 అనుకుంటూ వెళ్ళండి. ఫోన్‌లో రాసుకోండి, అంచనాగా అనుకుంటే మనమంతా ఎక్కువే అనుకుంటాం.

పళ్ళెంలో ముందు ప్రోటీన్ తినాలి, తర్వాత కూర, అన్నం ఆఖరున. మన అలవాటు దీనికి తలకిందులు, అన్నం చుట్టూనే మిగతావన్నీ. ఇక్కడ మాత్రం పనీర్‌తో మొదలుపెట్టి అన్నం దగ్గరికి వచ్చేసరికి పొట్ట చాలంటే అక్కడితో ఆపేయండి, అన్నం మిగిలిపోయినా ఫర్వాలేదు. తినేటప్పుడు నీళ్ళు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగండి. మిగతా టైమంతా గుక్కెడు గుక్కెడుగా తాగుతూ రోజుకు లీటరున్నర దాటించండి. ఆ కొబ్బరినీళ్ళు ఈ లెక్కలో వేసుకోవచ్చు, భోజనం లెక్కలో కాదు. టీ మానమనను గానీ ఐరన్ మాత్రకు దగ్గర్లో వద్దు, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. క్యాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ మధ్య కూడా రెండు గంటలు ఉండాలి.

కార్తీక మాసం. గుడ్డు లేకపోతే పోయేది ఆరు గ్రాములే, దానికి ముప్పై గ్రాముల పనీర్ పెట్టుకుంటే సరిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఇంగువ, అల్లం, జీలకర్రతో పనీర్, మీల్‌మేకర్ రెండూ బాగానే ఉంటాయి. వే పొడి పాల నుంచి వచ్చేదే కాబట్టి నియమానికి అడ్డు రాదు, అయినా ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసుకోండి. కానీ సోమవారం నక్షత్రం కనబడేదాకా ఏమీ తినకుండా ఉండటానికి మాత్రం నేను ఒప్పుకోను. మీ పొట్టకు రోజంతా పోగొట్టుకున్నది రాత్రి ఒక్కసారి తినే వీలు లేదు. నీళ్ళూ అంతే. ఖాళీ కడుపున ఉండి రాత్రి గబగబా తింటే వాంతి ఖాయం. ఒంట్లో బాగాలేనివాళ్ళకు ఉపవాసం నుంచి మినహాయింపు మన పెద్దలే ఇచ్చారు. దీపం పెట్టుకోండి, గుడికి వెళ్ళండి, ఆ రోజు పాలు, మూట పెరుగు, పనీర్, మజ్జిగలో పొడి తీసుకుంటూ ఉండండి. అన్నం మానేసి పాలు పెరుగుల మీద ఉండటం చాలా ఇళ్ళల్లో ఉన్న ఉపవాస పద్ధతే.

జుట్టు గురించి మీరు భయపడినంత లేదు. పెద్ద ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం లాంటివి జరిగినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి పెరుగుదల ఆపేసి విశ్రాంతిలోకి పోతాయి. అవి ఊడేది మూడు నెలలు దాటాక. మీరు ఇప్పుడు చూస్తున్నది ఆపరేషన్ రోజుల నాటి దెబ్బ. అందుకే ఈ రోజు పనీర్ తింటే రేపటి దువ్వెనలో తేడా కనబడదు. కుదుళ్ళు చచ్చిపోలేదు కాబట్టి కొన్ని నెలల్లో ఆగి మళ్ళీ మొలుస్తుంది. అయితే 13 గ్రాముల మీద ఇలాగే ఉంటే మాత్రం ఊడటం సాగుతూనే ఉంటుంది, కొత్తది పల్చగా వస్తుంది. ఏడాది దాటినా ఆగకపోయినా, ఒకసారి ఆగి మళ్ళీ మొదలైనా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), జింక్, బీ12, థైరాయిడ్ చూపించుకోవాలి. జుట్టుకు మంచిదని బయోటిన్ (ఒక బీ విటమిన్) మాత్రలు చాలామంది సొంతంగా కొనేస్తుంటారు. ఒంట్లో బయోటిన్ తక్కువ లేనివాళ్ళకు దానివల్ల ఒరిగేది పెద్దగా ఉండదు.

ఇదే అవస్థలో ఉన్న మాంసాహారులు కూడా ఉంటారు కాబట్టి వాళ్ళకో మాట. పాయా సూప్ బలమని రోజూ తాగిస్తుంటారు. అందులో ఉన్న ప్రోటీన్ ఎక్కువగా కొల్లాజెన్, కండకు కావలసిన ట్రిప్టోఫాన్ (ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) అందులో లేదు, మిగతాది నీళ్ళూ కొవ్వూ. రుచికి తాగండి, లెక్కలో వేయకండి. చికెన్ ముక్క పొడిగా ఉండి చాలామందికి గొంతు దిగదు. చేప మెత్తగా ఉంటుంది, కొర్రమీనులో ముళ్ళూ తక్కువ. పులుసులో పులుసు వదిలేసి ముక్క తినండి. యాభై గ్రాముల ముక్కలో పది గ్రాములొచ్చినట్టే.

తిన్న ప్రోటీన్ కండగా నిలవాలంటే ఆ కండకు పని చెప్పాలి. నడక ఒక్కటే చాలదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు, నీళ్ళ సీసాలు ఎత్తడం, వారంలో మూడు రోజులు మీ సర్జన్ సరేనన్నాక మొదలుపెట్టండి.

కొన్నింటికి మాత్రం ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూడొద్దు. ఏది తిన్నా రెండు మూడు రోజులుగా వాంతవుతుంటే, నీళ్ళు కూడా నిలవకపోతే వెంటనే మీ సర్జన్‌కు ఫోన్ చేయండి. దానికి తోడు చూపు రెండుగా కనబడటం, నడకలో తూలడం, మాట తికమకగా ఉంటే అది బీ1 విటమిన్ అడుగంటిందన్న గుర్తు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ ఫలానా ఆపరేషన్ అయిందని, ఇన్ని రోజులుగా వాంతులని ముందే చెప్పాలి. ఎందుకంటే గ్లూకోజ్ సెలైన్ పెట్టేముందు బీ1 ఇవ్వాల్సి ఉంటుంది. పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతున్నా ఆగకుండా చూపించుకోండి.

ఆరో నెల చెకప్ దగ్గర్లోనే ఉంది. ఆ రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బీ12, విటమిన్ డి, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్), క్రియాటినిన్, థైరాయిడ్ ఉన్నాయో లేదో అడగండి. ఈలోపు ఎవరైనా చెబితే బయోటిన్ మొదలుపెట్టి ఉంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి, లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. మీరు రాసుకున్న ప్రోటీన్ లెక్కను కూడా డైటీషియన్‌కు చూపించండి. 60కి ఇంకా ఎంత తక్కువ పడుతోందో చూసి, పొడి ఎంత పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో ఆవిడ చెబుతారు.